ఏటికొప్పాక భరిణెకు అంకుడు కర్ర కరవు

గాజువాక ఆటోనగర్‌లో లేతుపై ఇనుము తిరుగుతుంటే, అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్ర తిరుగుతోంది. వరాహ నది ఒడ్డున తయారయ్యే ఈ కుంకుమ భరిణెలు చాలామంది చూసినవే. తయారీ చూసినవారే తక్కువ.

అంకుడు మెత్తని కర్ర, ఉలికి సులువుగా లొంగుతుంది. అయితే పచ్చిగా ఉంటే పనికిరాదు. తడి కర్రతో చేస్తే నాలుగు రోజులకే మూత బిగుసుకుపోవడమో, వదులైపోవడమో ఖాయం. మూత కూర్చడంలోనే పనివాడి చెయ్యి తెలుస్తుంది. ఆరిన ముక్కను లేతుకు బిగించి, లోపల తొలిచి, మూత సరిచూసి, తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క కడ్డీ ఆనిస్తారు. ఒరిపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి వాటి నుంచి రంగులు తీస్తారు. ఈ సహజ రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది. బొమ్మలకు 2017లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది.

గుర్తింపుతో కర్ర రాదు కదా! అడవిలో అంకుడు తరిగిపోతోంది. కర్ర దొరకకపోతే లేతూ ఆగుతుంది, కూలీ ఆగుతుంది. నరికిన మోడు నుంచి మళ్లీ చిగురించే చెట్టు ఇది. బంజర్లలో విరివిగా నాటించి, కోతకొచ్చిన కర్రను పనివారికే సరసమైన ధరకు ఇప్పించాలి. మొక్క కర్రగా ఎదగడానికి ఏళ్లు పడుతుంది గనుక వచ్చే తొలకరికే ఆ పని మొదలు కావాలి.