క్రిస్మస్ సంత – మన తక్కెడ

సర్వలోకాలను సృష్టించి, ప్రతి ప్రాణికీ ఉపాధిని నిర్ణయించిన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. అంతిమ దైవప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సఅసం)పై, ఆయన కుటుంబంపై, ఆయన సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక!



డిసెంబరు నెల రాగానే ఈ కొండప్రాంతంలోని మన సోదరులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. క్రిస్మస్ ముందు జరిగే సంతలకు ముస్లిము వెళ్ళవచ్చునా? అక్కడ బట్టలు, దుప్పట్లు, గాజులు అమ్మి సంపాదించినది హలాల్ అవుతుందా? పిల్లలు ఆ దీపాలను చూడాలని మారాం చేస్తే తీసుకువెళ్ళవచ్చునా? ఈ ప్రశ్న అడగడమే దైవభీతికి గుర్తు. హరామ్‌కు భయపడేవాడే ఇలా అడుగుతాడు. అందువల్ల దీనికి స్పష్టంగా సమాధానం చెప్పడం మా బాధ్యత. అయితే ఈ సమాధానం వెనుక ఇంతకంటే బరువైన మరొక ప్రశ్న ఉన్నది. దానినీ నేడు మీ ముందుంచుతాము.

పండుగ సంత స్వరూపం

అరకులోయలో వారపు సంత శుక్రవారం జరుగుతుంది. డుంబ్రిగుడ, అనంతగిరి వైపు గూడేల నుండి, ఒడిశా సరిహద్దు పల్లెల నుండి గిరిజన సోదరులు, సోదరీమణులు తెల్లవారుజామునే మంచులో బయలుదేరి వస్తారు. వలిసెలు, రాజ్మా, అల్లం, చోళ్ళు, నాటుకోళ్ళు తెచ్చి అమ్మి, ఆ డబ్బుతో ఉప్పు, నూనె, బట్ట కొనుక్కుని తిరిగి వెళతారు. డిసెంబరులో ఈ సంతకు కొత్త కళ వస్తుంది. కాఫీ పండ్ల కోతలు సాగుతుంటాయి గనుక చేతిలో కొంత డబ్బు ఆడుతుంది. క్రైస్తవ కుటుంబాలు పిల్లలకు కొత్త బట్టలు, ఇంటికి నక్షత్ర దీపాలు, విందుకు సరుకులు కొంటాయి. మైదానం నుండి పర్యాటకులు కూడా ఈ కాలంలోనే పెద్దసంఖ్యలో వస్తారు.

పండుగతో సంత ముడిపడటం మన ప్రాంతానికే ప్రత్యేకం కాదు. జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో క్రిస్మస్ బజారు 1434లో మొదలయింది. పండుగ విందుకు కావలసిన మాంసం కొనుక్కునేందుకు ఒక్కరోజు సంతగా దానికి అనుమతి లభించింది. నేడు ఆ దేశాలలో చదువుకుంటున్న మన తెలుగు విద్యార్థులు నడిచే దీపాల వీధులకు మూలం అటువంటి సంతలే. ఆరాధన చర్చిలో జరుగుతుంది, బేరం వీధిలో జరుగుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాను గుర్తించడమే మన సమాధానానికి పునాది.

ధర్మశాస్త్రం ఏమంటున్నది?

ఇస్లాంకు పూర్వం అరబ్బుదేశంలో ఉకాజ్, మజన్నా, జుల్-మజాజ్ అనే మూడు గొప్ప సంతలు హజ్ కాలంలో జరిగేవి. అజ్ఞానకాలపు ఆచారాలు వాటిని అల్లుకుని ఉండేవి. ఇస్లాం వచ్చిన తరువాత, ఆ సంతలలో వ్యాపారం చేస్తే పాపమవుతుందేమోనని సహాబాలు సంకోచించారు. అప్పుడు అల్లాహ్ దివ్య ఖుర్ఆన్ బఖరా సూరాలో, ఆ యాత్రాకాలంలో ప్రభువు అనుగ్రహాన్ని, అంటే ఉపాధిని, అన్వేషించడంలో దోషం లేదని తెలిపి వారి సంకోచాన్ని తొలగించాడు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఈ సంగతిని వివరించగా ఇమామ్ బుఖారీ (రహ్మ) నమోదు చేశారు.

మన ప్రశ్నకు ఇంకా దగ్గరి ఉదాహరణ కూడా ఉన్నది. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మ) హిజ్రీ 241లో మరణించిన మహా ధర్మవేత్త. షామ్ దేశంలో క్రైస్తవుల ఉత్సవాలప్పుడు జరిగే సంతలకు ముస్లిములు గొర్రెలు, పశువులు, గోధుమలు, పిండి తెచ్చి అమ్ముతున్నారనీ, వారు చర్చిలలోకి ప్రవేశించరనీ చెప్పి కొందరు ఆయన అభిప్రాయం అడిగారు. చర్చిలోకి వెళ్ళకుండా సంతవరకే పరిమితమైతే తప్పులేదని ఆయన సమాధానమిచ్చారు. ఇతరుల పండుగల విషయంలో ఎంతో కఠినంగా వ్రాసిన ఇమామ్ ఇబ్నె తైమియా (రహ్మ) సైతం తన గ్రంథంలో ఈ మాటను ఉటంకించారు.

కాబట్టి సోదరులారా, క్రిస్మస్ ముందు సంతలో దుకాణం పెట్టడం, సరుకు కొనడం, అమ్మడం ధర్మసమ్మతమే. ఆ సంపాదన హలాలే. పిల్లల చేయి పట్టుకుని సంత వీధిలో నడవడమూ పాపం కాదు.

మూడు హద్దులు

అనుమతికి హద్దులు ఉంటాయి. మొదటిది తౌహీద్. ఆరాధనలో పాల్గొనడం, ఆరాధనకే ప్రత్యేకమైన శిలువల వంటి వస్తువులను అమ్మడం మనకు తగదు. హజ్రత్ ఈసా (అలైహి) అల్లాహ్ పంపిన గొప్ప ప్రవక్త. ఆయన మాతృమూర్తి హజ్రత్ మర్యమ్ పేరిట ఖుర్ఆన్‌లో ఒక సూరా ఉన్నది. ఆ ఇద్దరిపట్ల మనకున్న గౌరవం ఎవరికంటే తక్కువ కాదు. కాని ఆరాధన అల్లాహ్‌కు మాత్రమే.

రెండవది ఆహారం. సంత అంచున అమ్మే జీలుగు కల్లు, ఇప్పసారా మనకు నిషిద్ధం. పర్యాటకులు ఇష్టంగా తినే బొంగు చికెన్ ఆకులో, వెదురులో వండినంత మాత్రాన మనకు హలాల్ కాదు. ఆ కోడిని ఎవరు, ఎలా జుబహ్ చేశారన్నది తెలియాలి. కేకులో సారాయి కలిపారేమో మర్యాదగా అడిగి తెలుసుకోవడంలో తప్పులేదు.

మూడవది జుమా. జుమా సూరాలో అల్లాహ్ ఈ దినాన నమాజు పిలుపు వినగానే క్రయవిక్రయాలు విడిచి రమ్మన్నాడు, నమాజు ముగిసిన తరువాత భూమిపై వ్యాపించి ఆయన అనుగ్రహాన్ని వెదకమన్నాడు. మదీనాలో ఒక శుక్రవారం వర్తక బిడారు వచ్చిన సవ్వడికి చాలామంది లేచిపోగా, దైవప్రవక్త (సఅసం) వద్ద పన్నెండుగురే మిగిలిన ఉదంతం ఆ సూరాతోనే ముడిపడి ఉన్నది. మన సంత శుక్రవారమే. క్రిస్మస్ ముందు శుక్రవారం గిరాకీ అధికం. ఆ మధ్యాహ్నం అజాన్ వినిపించినప్పుడు దుకాణంపై గుడ్డ కప్పి వచ్చేవాడు ఆ పన్నెండుగురి బాటలో నడిచినవాడు.

పొరుగువారి హక్కు

మనతో మతం విషయంలో పోరాడని, మనను ఇళ్ళనుండి వెళ్ళగొట్టని వారితో మంచిగా, న్యాయంగా వ్యవహరించడాన్ని అల్లాహ్ వారించలేదనీ, న్యాయవర్తనులను ఆయన ప్రేమిస్తాడనీ ముమ్తహినా సూరా బోధిస్తున్నది. ఈ కొండలలో మన కుటుంబాలు కొద్ది. మనకు అద్దెకు ఇల్లిచ్చినవారు, జ్వరం వచ్చినప్పుడు మన బిడ్డను ఆసుపత్రికి మోసుకెళ్ళినవారు ఈ గిరిజనులే. వారి పండుగనాడు పొరుగింటి క్షేమం అడగడం, వారిచ్చిన పండో, హలాల్ తినుబండారమో స్వీకరించడం సత్ప్రవర్తనలో భాగం. మజూసీల పండుగనాడు వచ్చే కానుకల గురించి అడిగినప్పుడు, ఆ రోజుకోసం కోసిన మాంసం వద్దనీ, పండ్లూ ఫలాలూ తినవచ్చుననీ విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి) చెప్పినట్లు ఉల్లేఖనం ఉన్నది.

2016 డిసెంబరు 19న బెర్లిన్ నగరంలోని క్రిస్మస్ బజారులో ఒక దుర్మార్గుడు జనంపైకి లారీ నడిపాడు. పన్నెండు మందికి పైగా అమాయకులు బలయ్యారు. అటువంటివారు మన ధర్మం పేరు చెప్పుకున్నా, ఒక నిర్దోషి ప్రాణం తీయడం సమస్త మానవాళిని చంపడంతో సమానమని బోధించిన ఖుర్ఆన్‌తో వారికి సంబంధం లేదు. సంతకు వచ్చినవాడు మన చేతినుండీ, మన నోటినుండీ నిర్భయంగా ఉండాలి.

అసలు ప్రశ్న తక్కెడ వద్ద ఉన్నది

ఇప్పుడు ఆ బరువైన ప్రశ్నకు వద్దాము. సంతకు వెళ్ళవచ్చునా అని అడుగుతున్న మనం, అక్కడ ఎలా తూచాలి అని ఎందుకు అడగడం లేదు?

ఈ కొండల వ్యాపార చరిత్రలో చీకటి పుటలు ఉన్నాయి. గిరిజనులు షావుకార్ల అప్పులలో చిక్కి భూములు పోగొట్టుకుంటున్నందున మద్రాసు ప్రభుత్వం 1917లోనే ఏజెన్సీ ప్రాంతంలో వడ్డీనీ, భూబదలాయింపునూ కట్టడి చేస్తూ చట్టం తేవలసి వచ్చింది. దళారుల బారినుండి కాపాడేందుకే 1956లో విశాఖపట్టణం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. చట్టాలు వచ్చాయి, సంస్థలు వచ్చాయి. కాని కాటా మీద ఉన్న వేలిని ప్రతిక్షణం చూసేవాడు అల్లాహ్ ఒక్కడే.

సంతకు దారితీసే మలుపుల వద్ద కొందరు వర్తకులు ముందే కాపుగాస్తారు. గంపతో దిగివస్తున్న ఆడమనిషిని ఆపి, సంతలో ధర పడిపోయిందని చెప్పి అక్కడికక్కడే సరుకు తీసుకుంటారు. దైవప్రవక్త (సఅసం) ఈ పనిని స్పష్టంగా నిషేధించారు. సరుకుతో వచ్చేవారికి బజారు చేరకముందే ఎదురువెళ్ళి కొనవద్దన్నారు. అలా కొన్నట్లయితే, అమ్మినవాడు బజారుకు వచ్చి అసలు ధర తెలుసుకున్నాక ఆ బేరాన్ని రద్దు చేసుకునే హక్కు అతనికి ఉంటుందని కూడా చెప్పారు. పద్నాలుగు శతాబ్దాల క్రితం ఎడారి వర్తకులకు చెప్పిన ఈ ఆజ్ఞ మన కొండదారికి ఎంత సూటిగా వర్తిస్తున్నదో చూడండి!

మరికొందరు తూచేటప్పుడు తరుగు పేరిట కోత కోస్తారు. అమ్మేటప్పుడు నిండని మానిక, కొనేటప్పుడు పొర్లే కుంచం. కొలిచి తీసుకునేటప్పుడు పూర్తిగా తీసుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించేవారికి వినాశాన్ని ప్రకటిస్తూ ఒక సూరాయే అవతరించింది, అదే ముతఫ్ఫిఫీన్. హజ్రత్ షుఐబ్ (అలైహి) తన జాతిని మొదట ఏకదైవారాధనకు పిలిచి, ఆ వెంటనే కొలతలు, తూనికలు సరిచేయమన్నారు. ఆ రెండు మాటల మధ్య మరొకటి లేదు. చర్చి గుమ్మం తొక్కకుండా తౌహీద్‌ను కాపాడుకున్నానని సంతోషించేవాడు, అదే సంతలో తక్కెడ వద్ద హజ్రత్ షుఐబ్ జాతివాడుగా మారకుండా చూసుకోవాలి.

పండుగరోజులలో ఈ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. బిడ్డకు కొత్త గౌను కొనాలి, విందుకు పప్పు, బియ్యం తేవాలి. ఆ అవసరాన్ని కనిపెట్టి కొందరు, ఇంకా చేతికిరాని పంటకు ముందే డబ్బిచ్చి, సగం ధరకు కట్టేస్తారు. ముందుగా సొమ్ము చెల్లించి పంట కొనే సలమ్ ఒప్పందం మన ధర్మంలో ఉన్నది. కాని దానికి సరుకు నాణ్యత, పరిమాణం, గడువు, ధర ముందే తేల్చి, సొమ్ము మొత్తం అప్పుడే చెల్లించాలి. ఎదుటివాడి గత్యంతరం లేనితనాన్ని పిండుకోవడం సలమ్ కాదు. అప్పిచ్చి, గడువు దాటితే పెంచడం వడ్డీ. దానిపై అల్లాహ్ యుద్ధమే ప్రకటించాడు.

దైవప్రవక్త (సఅసం) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టగా వ్రేళ్ళకు తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పగా, ఆ తడిని జనానికి కనబడేలా పైన ఉంచకపోయావేమని ప్రశ్నించి, మోసగాడు తనవాడు కాడని హెచ్చరించారు. మరొకసారి తూచేవానితో, మొగ్గు ఉంచి తూచమని చెప్పారు. మోసం మానడం న్యాయం. మొగ్గు ఉంచడం దాతృత్వం.

ఆచరణ

ఈ వారం నుండే నాలుగు పనులు చేద్దాం. కాటాలను సరిచూయించుకుందాం. కాటా అంకెను లెక్క తెలియని కొనుగోలుదారుకు తిప్పి చూపి, మొత్తాన్ని వారి భాషలో చెబుదాం. దారిలో కాపుగాయక, సంతలో అందరి ఎదుట కొందాం. ఎవరి హక్కైనా మన చేతిలో మిగిలిపోయి ఉంటే తిరిగి ఇచ్చేద్దాం. మనుషుల హక్కు తౌబాతో మాత్రమే తీరదు, హక్కుదారుకు చేరాలి. మన సంత విషయంలో ఇది కష్టం కాదు, ఆ మనిషి వచ్చే శుక్రవారం మళ్ళీ అక్కడికే వస్తాడు. ఈ లోకంలో రాని పక్షంలో ప్రళయదినాన వస్తాడు. ఆనాడు చెల్లించడానికి నాణేలు ఉండవు, మన పుణ్యాలు మాత్రమే ఉంటాయి.

ఓ అల్లాహ్! మా ఉపాధిని హలాల్‌గా, మా తూకాన్ని నిండుగా, మా మాటను సత్యంగా చేయి. ఈ కొండలపై నివసించే వారందరికీ శాంతినీ, న్యాయాన్నీ ప్రసాదించు. మా పొరుగువారు మా తక్కెడను నమ్మే భాగ్యాన్ని మాకు కలిగించు. ఆమీన్.