వారంటీ కార్డు వేరు, పాన్ కార్డు వేరు

లక్షలు పోసి స్విస్ వాచీ కొనేవాళ్లు మన ఊళ్లలోనూ తక్కువేం లేరు. పెళ్లిలో అల్లుడి చేతికి పెట్టేది ఒకటి, రిటైరైన నాన్నకు పిల్లలు కలిసి కొనిచ్చేది ఇంకొకటి, దుబాయ్ నుంచి వచ్చే అన్నయ్యతో తెప్పించుకునేది మరొకటి. మోడల్ గురించి, ధర గురించి నెలల తరబడి ఆరా తీస్తారు. తీరా కొనేటప్పుడు చేతికొచ్చే కాగితాలను మాత్రం డబ్బాలో పెట్టి బీరువాలో దాచేస్తారు. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

ఈ కొనుగోలులో రెండు రకాల కాగితాలుంటాయి. వారంటీ కార్డు కంపెనీకీ, ఆ వాచీకీ సంబంధించింది. పాన్, గుర్తింపు వివరాలు కొన్నవారికీ, ప్రభుత్వానికీ సంబంధించినవి. ఈ రెండిటినీ కలిపేసుకోవడం వల్లే చాలా అపోహలు పుడుతున్నాయి. చట్టం అడిగిన వివరం ఇవ్వడానికి వెనకాడేవాళ్లే, ఎవరూ అడగని ఆధార్ జిరాక్సు ఇచ్చేసి వస్తారు. అడిగి తీసుకోవాల్సిన కార్డు వైపు మాత్రం చూడరు.

అపోహ: పాన్ అడిగేది వారంటీ కోసం. వారంటీ అక్కర్లేదంటే ఇవ్వనవసరం లేదు.

వాస్తవం: వారంటీకీ పాన్‌కూ సంబంధం లేదు. ఒక లావాదేవీలో 2 లక్షల రూపాయలు దాటిన వస్తువు ఏది కొన్నా, అమ్మినా పాన్ పేర్కొనాలన్నది ఆదాయపు పన్ను నిబంధన. 2016 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. నగదు ఇచ్చినా, కార్డు గీకినా, బ్యాంకు నుంచి పంపినా ఒకటే. పాన్ లేనివాళ్లు డిక్లరేషన్ ఫారం నింపి ఇవ్వాలి. షాపువాళ్లు అడిగారంటే మన మీద అనుమానంతో కాదు, అడక్కపోతే తప్పు వాళ్లదవుతుంది కాబట్టి.

అలాగని అడిగినవన్నీ ఇచ్చేయాలని కాదు. పాన్ బదులు ఆధార్ నంబరు ఇచ్చే వెసులుబాటు 2019లో వచ్చింది. అంటే రెండింటిలో ఏదో ఒకటి చాలు. పాన్ ఇచ్చాక ఆధార్ కాపీ కూడా కావాలంటే ఎందుకని అడగండి. అది మర్యాద తక్కువ పనేం కాదు. కాపీ ఇవ్వక తప్పకపోతే దాని మీద అడ్డంగా షాపు పేరు, తేదీ, ఎందుకిస్తున్నారో రాసి సంతకం పెట్టండి. ఆధార్ అయితే మొదటి ఎనిమిది అంకెలు కనపడని మాస్క్‌డ్ కాపీ ఇవ్వండి.

గిరాకీ ఎక్కువున్న మోడళ్ల విషయంలో కొందరు డీలర్లు గుర్తింపు వివరాలు అడగడానికి వేరే కారణం కూడా ఉంటుంది. కొన్న మర్నాడే ఎక్కువ ధరకు అమ్ముకునేవాళ్లను ఆపాలని వాళ్ల ఉద్దేశం. అంతవరకు అర్థం చేసుకోవచ్చు. కానీ ఆ వంకతో వారంటీ కార్డును కొంతకాలం తమ దగ్గరే ఉంచుకోవడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. డబ్బు మొత్తం తీసుకున్నాక కార్డు కొన్నవారిదే. అలా ఉంచుకుంటామంటే ఎప్పుడు తిరిగిస్తారో బిల్లు మీదే రాయించుకోవాలి. రాయనంటే ఆ వాచీ ఇంకో చోట కొనుక్కోవడం మంచిది.

అపోహ: లక్షా తొంభై వేల చొప్పున రెండు బిల్లులు రాయించుకుని నగదు ఇస్తే ఏ గొడవా ఉండదు.

వాస్తవం: పెళ్లిళ్ల సీజన్లో చాలామంది ఇచ్చే సలహా ఇదే, పూర్తిగా తప్పు సలహా కూడా ఇదే. 2017 ఏప్రిల్ 1 నుంచి 2 లక్షల రూపాయలు, అంతకు మించి నగదు తీసుకోవడం మీద నిషేధం ఉంది. దాన్ని చట్టం మూడు వైపుల నుంచి చూస్తుంది. ఒక మనిషి దగ్గర ఒక రోజులో తీసుకున్న మొత్తం, ఒకే లావాదేవీకి తీసుకున్న మొత్తం, ఒకే సందర్భానికి సంబంధించి ఒకరి దగ్గర తీసుకున్న మొత్తం. బిల్లులు రెండు చేసినా వాచీ ఒకటే కాబట్టి లావాదేవీ ఒకటే. ఈ రోజు సగం, వచ్చే వారం సగం ఇచ్చినా అంతే. అల్లుడికి ఒక వాచీ, కూతురికి ఒక వాచీ వేర్వేరు రోజుల్లో కొన్నా పెళ్లి ఒకే సందర్భం.

జరిమానా తీసుకున్నవారికి పడుతుంది. ఎంత నగదు తీసుకుంటే అంత. 3 లక్షలు తీసుకుంటే 3 లక్షలూ పోతాయి. షాపువాళ్లకు కదా, మనకేం అనుకుంటారు చాలామంది. రేపు అదే వాచీని మీరు తెలిసినవాళ్లకు 3 లక్షల నగదుకు అమ్మితే, తీసుకున్నవారు మీరే అవుతారు. ఈ నిబంధన వ్యాపారులకే పరిమితం కాదు.

బిల్లును ముక్కలు చేయించుకుంటే వారంటీకీ చిక్కే. బిల్లు మీది మోడల్, మొత్తం, తేదీ, కార్డు మీది వివరాలు ఒకదానితో ఒకటి సరిపోకపోతే రేపు వాదించాల్సి వచ్చినప్పుడు మీ కాగితాలే మీకు అడ్డుపడతాయి.

అపోహ: 10 లక్షలు దాటిన వాచీ మీద ఒక శాతం కొత్త లగ్జరీ పన్ను వేశారు.

వాస్తవం: 10 లక్షలు దాటిన చేతి గడియారాల మీద 2025 ఏప్రిల్ 22 నుంచి అమ్మేవాళ్లు ఒక శాతం టీసీఎస్ (అమ్మేచోటే వసూలు చేసే పన్ను) తీసుకుంటున్న మాట నిజం. 12 లక్షల వాచీకి 12 వేలు. కానీ అది అదనపు పన్ను కాదు, మీ ఆదాయపు పన్నుకు ముందుగా కట్టిన డబ్బు. మీ పాన్ కింద పన్ను పోర్టల్‌లో జమ కనిపిస్తుంది. రిటర్ను వేసేటప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు, ఎక్కువైతే వెనక్కి వస్తుంది. అందుకే బిల్లు మీద పాన్ అంకెలు ఒక్కొక్కటీ సరిచూసుకోవాలి. డబ్బు కొడుకు ఇచ్చి బిల్లు తండ్రి పాన్ మీద రాయిస్తే ఆ జమ తండ్రి ఖాతాకు వెళ్తుంది.

అపోహ: బిల్లు ఎవరి పేరు మీద ఉంటే వారంటీ వాళ్లకే. కానుకగా ఇస్తే చెల్లదు.

వాస్తవం: కార్డును ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. ముఖ్యంగా ఉండాల్సినవి మోడల్ నంబరు, సీరియల్ నంబరు, అమ్మిన తేదీ, అధీకృత డీలరు వివరం. రోలెక్స్ ఇప్పుడిచ్చే కార్డు మీద కొన్నవారి పేరు ఉండదు. 2015 జులై నుంచి అమ్మిన వాచీలకు ఆ కంపెనీ ఐదేళ్ల అంతర్జాతీయ గ్యారంటీ ఇస్తోంది. ట్యూడర్ ఐదేళ్ల గ్యారంటీ కూడా చేతులు మారినా వాచీ వెంటే వెళ్తుంది, ఎక్కడా నమోదు చేసుకోనక్కర్లేదు. ఒమెగా 2018 నవంబరు నుంచి ఐదేళ్లకు పెంచింది. వీటన్నిటికీ గడువు డీలరు వేసిన తేదీ నుంచి లెక్క. మీరు మొదటిసారి పెట్టుకున్న రోజుతో పని లేదు. ముహూర్తానికి ఆరు నెలల ముందే కొని దాచిపెడితే ఆ ఆరు నెలలూ పోయినట్టే.

కార్టియర్, ఐడబ్ల్యూసీ లాంటి కంపెనీల పద్ధతి వేరు. మొదట రెండేళ్ల వారంటీ. ఆ గడువు దాటకముందే ఆన్‌లైన్‌లో వాచీని నమోదు చేసుకుంటే ఎనిమిదేళ్ల దాకా పెరుగుతుంది. నమోదుకు విడిగా డబ్బు కట్టక్కర్లేదు, అయినా ఎంతోమంది చేయరు. ఇక్కడ పేరుకు కొంచెం పని ఉంటుంది. వాచీ పెట్టుకునేది అల్లుడైతే నమోదు కూడా ఆయన ఈమెయిల్‌తోనే చేయించండి. మామగారి ఖాతాలో ఉంటే సర్వీసింగ్‌కు ఇచ్చిన ప్రతిసారీ ఆయనకు ఫోన్ చేయాలి.

ఇక చట్టం సంగతి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం డబ్బిచ్చి కొన్నవారే కాదు, వారి సమ్మతితో ఆ వస్తువును వాడుకునేవారు కూడా వినియోగదారులే. కానుకగా అందుకున్న అల్లుడూ ఫిర్యాదు చేయొచ్చు. తిరిగి అమ్ముకోవడానికి కొన్నవారికి మాత్రం ఈ రక్షణ లేదు.

అపోహ: ఫారిన్లో కొంటే వారంటీ ప్రపంచమంతా చెల్లుతుంది.

వాస్తవం: ఎక్కడ కొన్నారన్న దానికంటే ఎవరి దగ్గర కొన్నారన్నది ముఖ్యం. డాలస్‌లోనో, సింగపూర్‌లోనో కంపెనీ అధీకృత డీలరు దగ్గర కొని, తేదీ వేసిన కార్డు తెచ్చుకుంటే రోలెక్స్, ఒమెగాల అంతర్జాతీయ వారంటీ ఇక్కడి సర్వీస్ సెంటర్లోనూ పని చేస్తుంది. అదే మోడల్ ఇంకో వెబ్‌సైట్లో బాగా తక్కువకు దొరికిందంటే అది చాలాసార్లు గ్రే మార్కెట్ సరుకు. వాచీ అసలుదే అయ్యుంటుంది. కానీ దానితో వచ్చేది అమ్మినవాడి సొంత వారంటీ. పేజీ పైన పెద్దక్షరాలతో రెండేళ్లనో ఐదేళ్లనో ఉంటుంది, ఎవరిస్తున్నారన్నది కింద చిన్నక్షరాల్లో ఉంటుంది. రిపేరొస్తే వాచీని మళ్లీ ఆ అమ్మినవాడికే పంపాలి. పోనురాను ఖర్చు, బీమా, తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్ కలిపితే మొదట మిగిలిందనుకున్న డబ్బు మిగలదు. మన అబ్బాయిలు, అమ్మాయిలు ఇంటివాళ్ల కోసం ప్రేమగా కొని పంపేవాటిలో ఇలాంటివి ఉంటున్నాయి. అక్కడ చెక్‌అవుట్ బటన్ నొక్కేముందే కంపెనీ సైట్లో ఆ దుకాణం పేరు అధీకృత డీలర్ల జాబితాలో ఉందో లేదో చూడమనండి.

అక్కడ కూడా గుర్తింపు అడుగుతారు, కారణాలే వేరు. దుబాయ్‌లో పర్యాటకులకు వ్యాట్ వెనక్కి రావాలంటే పాస్‌పోర్టు చూపించాలి. అమెరికాలో 10 వేల డాలర్లకు మించి నగదు ఇస్తే కొన్నవారి వివరాలతో ఫారం 8300 ప్రభుత్వానికి వెళ్తుంది.

కస్టమ్స్‌కూ వారంటీకీ కూడా ముడిపెట్టొద్దు. చేతికి పెట్టుకుని దిగినంత మాత్రాన కొత్త వాచీ మీద సుంకం పోదు. ఇక్కడ కొన్న ఖరీదైన వాచీతోనే విదేశం వెళ్లేవాళ్లు బయల్దేరేటప్పుడే విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఆ పది నిమిషాలు వెచ్చిస్తే తిరుగు ప్రయాణంలో అది పాతదేనని నిరూపించుకునే తిప్పలు తప్పుతాయి.

అపోహ: వారంటీ ఉన్నన్నాళ్లూ ఏం పాడైనా ఉచితంగా బాగుచేయాలి.

వాస్తవం: వారంటీ తయారీ లోపానికే. వాడకంలో అరిగిన తోలు పట్టీ, పగిలిన అద్దం, గీతలు, కింద పడితే వచ్చిన దెబ్బ దాని కిందికి రావు. రోజుకు కొన్ని సెకన్లు అటూ ఇటూ నడవడం మెకానికల్ వాచీకి లోపం కాదు. స్విస్ క్రోనోమీటర్ సంస్థ కాస్క్ ధ్రువీకరించిన యంత్రానికే రోజుకు 4 సెకన్లు వెనక నుంచి 6 సెకన్లు ముందు దాకా అనుమతి ఉంది. రోలెక్స్ తనకు తాను పెట్టుకున్న హద్దు 2 సెకన్లు. ఉన్నట్టుండి నిమిషాల కొద్దీ ముందుకు పరుగెడుతుంటే ఫోన్ల, స్పీకర్ల దగ్గర పెట్టడం వల్ల అయస్కాంత ప్రభావం సోకిందేమో చూడమనండి. అది సర్వీస్ సెంటర్లో నిమిషాల పని.

ఎక్కువ గొడవలొచ్చేది నీళ్ల దగ్గర. డయల్ మీద 30 మీటర్లు అని ఉంటే 30 మీటర్ల లోతుకు దిగొచ్చని కాదు, చినుకులకూ చేతులు కడుక్కోవడానికీ తట్టుకుంటుందని. 100 మీటర్లని రాసి ఉన్నా, తిప్పి బిగించే కీ ఉన్న మోడల్లో ఆ కీ వదులుగా ఉండగా గోదావరిలో మునిగితే లోపలికి నీళ్లు పోతాయి. కీ తెరిచి ఉండటం వల్ల తడిసిందని సర్వీస్ సెంటర్ తేల్చితే రిపేరు ఖర్చు మీదే. వీధి చివరి రిపేరు షాపులో వెనక మూత తీయించినా, బయట వజ్రాలు పొదిగించినా, కంపెనీవి కాని భాగాలు వేయించినా వారంటీ పోతుంది.

తయారీ లోపమని మీకు గట్టి నమ్మకముండి షాపు, కంపెనీ ఒకరి మీద ఒకరు తోసేసుకుంటుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. చెల్లించిన ధర 50 లక్షల దాకా ఉన్న కేసులు అక్కడికే వస్తాయి. 5 లక్షల లోపైతే ఫిర్యాదు రుసుము లేదు. ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు చేయాలి.

అపోహ: డబ్బా, కార్డు ఉంటే సెకండ్ హ్యాండ్ వాచీ నిస్సందేహంగా కొనేయొచ్చు.

వాస్తవం: డబ్బాలు, కార్డులు విడిగా కూడా అమ్ముడుపోతున్నాయి. కార్డు మీది సీరియల్ నంబరును వాచీ మీది నంబరుతో మీ కళ్లతో పోల్చి చూడాలి. ఇటీవలి రోలెక్స్‌లలో అది అద్దం లోపల, డయల్ చుట్టూ ఉండే లోహపు వలయం మీద, 6 అంకె దగ్గర చెక్కి ఉంటుంది. చిన్న భూతద్దం కావాలి. కార్డు మీద తేదీ ఖాళీగా ఉంటే వారంటీ లేదనే అనుకోండి.

అమ్మేవారి అసలు బిల్లు కాపీ అడగండి, పాన్ అంకెలు చెరిపేసి ఇచ్చినా ఫర్వాలేదు. దొంగసొత్తు కాదనడానికి మీ దగ్గరుండే ఆధారం అదే. మీ ఇద్దరి మధ్యా ఒక కాగితం రాసుకుని మోడల్, సీరియల్ నంబరు, ధర వేసి సంతకాలు చేసుకోండి. 2 లక్షలు దాటితే ఇద్దరి పాన్‌లూ అందులో రాయండి, డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. వారంటీలో ఇంకా ఎన్నాళ్లు మిగిలిందో కార్డు మీది తేదీ నుంచి లెక్కేసుకుని, ఆ లెక్క ప్రకారమే బేరం ఆడండి.