విరాళం సేవకే.. విందు ఖర్చు సభ్యులదే

లయన్స్‌ క్లబ్బులు కంటి శిబిరాలకు సేకరించే సొమ్ము ఎటు వెళుతుందన్న సందేహం దాతలకు కలగడం సహజం. సంస్థ నిబంధనల ప్రకారం ప్రతి క్లబ్బు నిధులను రెండుగా వేరుచేయాలి. సభ్యుల చందాలు పాలన ఖాతాకు, ప్రజల విరాళాలు సేవా ఖాతాకు జమ కావాలి. విరాళాల సేకరణకు నేరుగా అయిన వ్యయాన్ని మినహాయించి, మిగిలినదంతా సేవకే వినియోగించాలి. సమావేశాలు, విందుల ఖర్చును సభ్యులే భరించాలి.

1917లో షికాగోలో ఆవిర్భవించిన ఈ సంస్థ అంధత్వ నివారణకు నడుం బిగించడానికి 1925లో హెలెన్‌ కెల్లర్‌ చేసిన విజ్ఞప్తే ప్రేరణ. నిబంధన ఉన్నంత మాత్రాన సరిపోదు, అమలూ ముఖ్యమే. కనుక విరాళమిచ్చేవారు తప్పక రసీదు తీసుకోవాలి. సొమ్ము ఏ ఖాతాకు చేరుతుందో అడిగి తెలుసుకోవాలి. లెక్క చూపడం క్లబ్బుకూ గౌరవమే.