గేరు పడకుంటే బాక్సు విప్పాల్సిందేనా?

పాత ఆటోమేటిక్‌ కార్లలో తొలుత చూడాల్సింది నూనె, స్విచ్చులు, బ్యాటరీ

నగరాల్లో కొన్నేళ్లు తిరిగిన ఆటోమేటిక్‌ కార్లు చేతులు మారి జిల్లా పట్టణాలకు, మండల కేంద్రాలకు చేరుతున్నాయి. మోకాళ్ల నొప్పులతో క్లచ్‌ తొక్కలేని విశ్రాంత ఉద్యోగులు, ఎడమకాలికి బలం లేనివారు, కొత్తగా స్టీరింగ్‌ పట్టిన మహిళలు వీటిపై మక్కువ చూపుతున్నారు. చిక్కంతా మరమ్మతు దగ్గరే వస్తోంది. గేరు ఆలస్యంగా పడినా, కారు కుదుపుతో కదిలినా, లివర్‌ బిగుసుకున్నా ‘బాక్సు పోయింది, దించాలి’ అన్న మాటే యజమానికి వినిపిస్తుంది. పాత కారులో గేరుబాక్సు విప్పి బాగుచేయించే ఖర్చు కొన్నిసార్లు కారు విలువకే చేరువవుతుంది. అయితే లోపం ఎప్పుడూ బాక్సు లోపలే ఉంటుందనుకుంటే పొరపాటే. చిన్న స్విచ్చు, తగ్గిన నూనె, నీరసించిన బ్యాటరీ కూడా ఇవే లక్షణాలు చూపుతాయి.

పేరు ఒకటే.. యంత్రాలు వేరు

ఆటోమేటిక్‌ గేరు నిన్నమొన్నటి వింత కాదు. అమెరికాలో జనరల్‌ మోటార్స్‌ 1940 మోడల్‌ ఓల్డ్స్‌మొబైల్‌ కార్లలోనే హైడ్రామాటిక్‌ పేరిట దీనిని అందించింది. మన దేశంలో మధ్యతరగతి ఇంటి వాకిట నిలిచింది మాత్రం 2014లో మారుతి సెలెరియో ఏఎంటీ వచ్చాకే. కనుక మన ఊళ్లలో ‘ఆటోమేటిక్‌’ అని పిలుస్తున్నవన్నీ ఒకే రకం కావు. మరమ్మతుకు ముందు కారులో ఉన్నదేదో తేల్చుకోవాలి. సగం అనర్థాలు ఇక్కడే మొదలవుతాయి.

మొదటిది టార్క్‌ కన్వర్టర్‌ రకం. ఎదురెదురుగా ఉంచిన రెండు ఫ్యాన్లలో ఒకదానికి కరెంటు ఇస్తే ఆ గాలికి రెండోదీ తిరుగుతుంది. ఇక్కడ గాలి స్థానంలో నూనె ఉంటుంది. ఇంజన్‌ తిప్పే చక్రం నూనెను విసిరితే, ఆ తోపుకు గేరుబాక్సు వైపు చక్రం తిరుగుతుంది. లోపలి క్లచ్‌ ప్లేట్లను బిగించి గేర్లు మార్చేదీ నూనె ఒత్తిడే. రెండోది సీవీటీ. ఇందులో మెట్లుమెట్లుగా గేర్లుండవు. రెండు కప్పీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతూ ఉంటే, కప్పీల వెడల్పు మారి వేగం మారుతుంది. మూడోది ఏఎంటీ. ఇది మామూలు గేరుబాక్సే, మామూలు క్లచ్చే. డ్రైవరు కాలు, చెయ్యి చేసే పనిని ఒక యాక్చువేటర్‌ చేస్తుంది. నాలుగోది రెండు క్లచ్‌లున్న రకం. దీని పని కంప్యూటర్‌ పరికరాలు, శిక్షణ ఉన్నవారికే వదిలేయడం ఉత్తమం.

లివర్‌ పక్కనున్న అక్షరాలు కొంత ఆచూకీ ఇస్తాయి. మారుతి ఏఎంటీ కార్లలో ‘పీ’ స్థానం ఉండదు. అందుకే వీటిని గేరులోనే ఆపి, హ్యాండ్‌బ్రేక్‌ వేయాలి. న్యూట్రల్‌లో వదిలి దిగితే వాలులో కారు జారుకునే ప్రమాదముంది.

నూనె చెప్పే నిజం

టార్క్‌ కన్వర్టర్‌ కారులో తొలి పరీక్ష నూనెదే. డిప్‌స్టిక్‌ ఉన్న కార్లలో దీనికి పైసా ఖర్చు లేదు. చాలా కంపెనీల పద్ధతి ప్రకారం కారును కొన్ని కిలోమీటర్లు నడిపి నూనె వేడెక్కాక, చదునైన చోట ఆపి, లివర్‌ను అన్ని స్థానాల్లోకీ ఒకసారి తిప్పి ‘పీ’లో ఉంచి, ఇంజన్‌ నడుస్తుండగానే మట్టం చూడాలి. పాత హోండా ఆటోమేటిక్‌లలో మాత్రం ఇంజన్‌ ఆపిన నిమిషం, నిమిషంన్నర మధ్యలో చూడాలి. ఒక కారు పద్ధతి మరో కారుకు వాడితే మట్టం తప్పుగా కనిపిస్తుంది. కారుతో వచ్చిన పుస్తకమే దీనికి ప్రమాణం. కొన్ని మోడళ్లలో డిప్‌స్టిక్కే ఉండదు. వాటిని ర్యాంపు ఎక్కించి కింది మర ద్వారా చూడాల్సిందే.

తెల్ల గుడ్డపై రెండు చుక్కలు వేసి చూస్తే లోపలి పరిస్థితి చాలావరకు తెలుస్తుంది. ఎరుపు రంగు మారకుండా పలచగా ఉంటే భయం లేదు. లేత గోధుమరంగుకు తిరిగితే నూనె మార్చే సమయం దాటినట్లు. నల్లబడి, మాడిన వాసన వస్తుంటే క్లచ్‌ ప్లేట్లు కాలుతున్నాయని అర్థం. స్ట్రాబెర్రీ పాలలా గులాబీరంగులో నురగ కట్టి ఉంటే మాత్రం కారును ఒక్క అడుగు కూడా నడపరాదు. చాలా కార్లలో గేరు నూనెను చల్లార్చే గొట్టం రేడియేటర్‌ లోపలే ఉంటుంది. అది చిల్లుపడితే కూలెంట్‌ నీరు నూనెలో కలుస్తుంది. ప్లేట్లపై ఉండే కాగితపు పూత నీటికి నాని ఊడిపోతుంది. సకాలంలో రేడియేటర్‌ మార్చి నూనె శుభ్రం చేయించుకున్నవారు బాక్సును కాపాడుకోగలరు. ‘ఇంటిదాకా వెళ్లి చూద్దాం’ అనుకున్నవారికి ఆ అవకాశం ఉండకపోవచ్చు.

నూనె తగ్గితే పొద్దున్నే ‘డీ’లో వేశాక కారు తాపీగా కదలడం, మలుపుల్లో, ఘాట్‌రోడ్డు ఎక్కేటప్పుడు పట్టు వదలడం కనిపిస్తాయి. వాలుకు నూనె ఓ పక్కకు ఒరిగి పంపు గాలి పీల్చడమే కారణం. ఈ నూనె ఇంజన్‌ ఆయిల్‌లా మండి తరిగేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్లే. నింపి ఊరుకోకుండా సీళ్లు, కూలర్‌ గొట్టాల అతుకులు వెదకాలి. మరీ ఎక్కువ పోసినా ముప్పే. తిరిగే భాగాలు నూనెను చిలికి నురగ చేస్తాయి. నురగకు ఒత్తిడి నిలవదు.

అన్నింటికన్నా పెద్ద నష్టం తప్పుడు నూనెతో జరుగుతోంది. ఎర్రగా ఉన్న డబ్బా ఏదైనా ఒకటేనన్న భావన పల్లె గ్యారేజీల్లోనే కాదు, పట్టణాల్లోనూ ఉంది. సీవీటీలో బెల్టు, కప్పీ జారకుండా పట్టి ఉంచేలా తయారుచేసిన ప్రత్యేక ద్రవం ఉంటుంది. దాని బదులు మామూలు ఆటోమేటిక్‌ నూనె పోస్తే బెల్టు జారి కప్పీలపై గీతలు పడతాయి. ఆ తర్వాత సరైన నూనె పోసినా ఆ గీతలు పోవు. పుస్తకంలో రాసిన పేరు, డబ్బాపై పేరు అక్షరం అక్షరం సరిపోవాలి.

కింది ప్లగ్‌ విప్పితే కారే నూనె మొత్తం నూనెలో ఒక భాగమే. మిగిలింది టార్క్‌ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. అందువల్ల కొద్దికొద్ది రోజుల విరామంతో రెండు మూడు విడతలుగా మార్చడం పాత కార్లకు శ్రేయస్కరం. అడుగు పళ్లెంలోని అయస్కాంతానికి మెత్తని బూడిదరంగు మడ్డి అంటుకుని ఉంటే అది సహజమైన అరుగుదలే. గోటికి తగిలే లోహపు పెచ్చులు కనిపిస్తే లోపల ఏదో విరుగుతున్నట్లే.

బాక్సుది కాని తప్పు

లివర్‌ ‘పీ’ నుంచి కదలకపోతే బ్రేకు తొక్కి, వెనుక దీపాలు వెలుగుతున్నాయో లేదో మరొకరిని చూడమనాలి. వెలగకపోతే బ్రేకు పెడల్‌ పైనున్న స్విచ్చో, ఫ్యూజో పోయినట్లు. బ్రేకు తొక్కిన సంకేతం అందనిదే లివర్‌ తాళం వీడదు. ఏఎంటీ కార్లు గేరులోకి వెళ్లకపోవడానికీ ఇదే స్విచ్చు కారణం కావచ్చు. ‘పీ’లో స్టార్ట్‌ కాని కారు ‘ఎన్‌’లో స్టార్ట్‌ అయితే లివర్‌ స్థానాన్ని గుర్తించే స్విచ్చును సరిచేయాలి. ఇలాంటి స్విచ్చుల కోసం బాక్సు దించనక్కర్లేదు.

‘డీ’లో వేయగానే దభీమని కుదుపు వస్తే ఇంజన్‌ మౌంటింగ్‌ రబ్బర్లు పగిలాయేమో, ఐడిల్‌ వేగం ఎక్కువగా ఉందేమో చూడాలి. బాగా పాత కార్లలో యాక్సిలరేటర్‌ నుంచి గేరుబాక్సుకు వెళ్లే తీగ సాగినా గేర్లు వేళతప్పి పడతాయి. ఇంజన్‌ హోరు పెరిగి వేగం పెరగకపోతే బాక్సు జారుతున్నట్లు. హోరు పెరగకుండా బండి వణుకుతూ కుంటితే స్పార్క్‌ ప్లగ్గులు, కాయిళ్ల వైపు చూడాలి. ఈ రెండింటి తేడా తెలియక వేలకు వేలు వదిలించుకున్నవారు ఉన్నారు.

కారు ఉన్నట్టుండి ఒకే గేరులో ఈడుస్తూ, అద్దం ముందు హెచ్చరిక దీపం వెలిగితే కంప్యూటర్‌ ఆత్మరక్షణ పద్ధతిలోకి వెళ్లినట్లు. సెన్సారు, సోలినాయిడ్‌, ఎలుకలు కొరికిన తీగ.. ఏదైనా కావచ్చు. స్కానర్‌ పెట్టి కోడ్‌ చదివించుకోవాలి. కోడ్‌ లోపం ఉన్న వైపు వేలు చూపుతుంది తప్ప ఫలానా భాగం మార్చమని తీర్పు ఇవ్వదు. ఏఎంటీలో బ్యాటరీ వోల్టేజీ పడిపోయినా గేరు దీపాలు మిణుకుతాయి. ముందు దానిని పరీక్షించడం తేలిక. ఇందులో క్లచ్‌ మార్చాక స్కానర్‌తో కొత్త ప్లేటును కంప్యూటర్‌కు పరిచయం చేయాలి. ఆ పని వదిలేసి కారు అప్పగిస్తే కుదుపులు పోవు. నింద కొత్త క్లచ్‌పై పడుతుంది.

నూనె మట్టం, రకం సరిగా ఉండి, స్విచ్చులు, తీగలు బాగుండి కూడా రివర్స్‌ అసలు పడకపోయినా, ముందుకు వెళ్లేటప్పుడు జారుతూనే ఉన్నా అప్పుడు బాక్సు విప్పక తప్పదు.

తాడు కడితే మరో ముప్పు

దారిలో ఆగిన కారును ట్రాక్టరుకు తాడు కట్టి లాక్కెళ్లడం మనకు అలవాటు. టార్క్‌ కన్వర్టర్‌, సీవీటీ కార్లలో ఇంజన్‌ ఆగితే నూనె పంపూ ఆగుతుంది. చక్రాలు మాత్రం లోపలి భాగాలను నూనె లేకుండా తిప్పుతాయి. ముందు చక్రాలతో నడిచే కారైతే ముందు భాగం పైకెత్తి తీసుకెళ్లాలి, లేదా లారీపై ఎక్కించాలి. వీటిని తోసి స్టార్ట్‌ చేయాలనుకోవడమూ వృథా ప్రయాసే. ఏఎంటీ యజమానులు మరొకటి గమనించాలి. ఎత్తుపై రద్దీలో ఆగినప్పుడు యాక్సిలరేటర్‌ కొద్దిగా నొక్కి కారును నిలబెడితే క్లచ్‌ ప్లేటు కాలుతుంది. బ్రేకుతోనే నిలబెట్టాలి.

పాత ఆటోమేటిక్‌ కొనేవారు ఉదయం ఇంజన్‌ చల్లగా ఉన్నప్పుడే వెళ్లి చూడాలి. ‘డీ’లో, ‘ఆర్‌’లో వేశాక ఎన్ని క్షణాలకు పట్టు అందుతుందో గమనించి, అరగంట నడిపి వేడెక్కాక అదే పరీక్ష మళ్లీ చేయాలి. చల్లగా బాగుండి వేడిలో జారే బాక్సులూ, అందుకు విరుద్ధమైనవీ ఉన్నాయి. గేరు నూనె ఎప్పుడు, ఏ రకం పోశారో బిల్లు అడగాలి. అమ్మేవారు ముందే కారును తిప్పి వేడిచేసి ఉంచితే, మర్నాడు ఉదయం వస్తామని చెప్పి తిరిగి రావచ్చు.