అచ్చు అక్షరం – చదివే కన్ను



తెల్లవారి లేస్తే అచ్చు అక్షరం కనపడని చోటు మన ఇంట్లో లేదు. ఉప్పు పాకెట్టు మీద అచ్చు, మందుబిళ్లల అట్ట మీద అచ్చు, కరెంటు బిల్లు అచ్చు, గోడకు వేలాడే క్యాలెండరు అచ్చు. కొన్ని కాగితాలు చూడగానే సంగతి తెలిసిపోతుంది. కొన్ని ఎంతసేపు చూసినా కొరుకుడుపడవు. మనకు చదువు చాలకనే అట్లా అవుతుందని చాలామంది ఆడవాళ్లు అనుకుంటారు. అన్నిసార్లూ అది నిజం కాదు. తప్పు ఆ కాగితం కూర్చినవాళ్లది కూడా కావచ్చు. అదెట్లాగో తెలియాలంటే ఈ అక్షరం మన దాకా వచ్చిన కథ కొంచెం చెప్పుకోవాలి.

మన కనిగిరి వైపు అక్షరం అనగానే గుర్తొచ్చేది మార్కాపురం పలక. పలక మీద రాసింది తుడిస్తే పోతుంది. తాటాకు మీద గంటంతో రాసింది నిలుస్తుంది గాని, రెండో ప్రతి కావాలంటే మళ్లీ మొదటి నుంచి చివరిదాకా ఒకరు కూర్చుని రాయాల్సిందే. అంచేత పుస్తకం కలిగినవారి ఇంట్లోనే ఉండేది. ఆడవాళ్ల చేతికి వచ్చేది మరీ తక్కువ. ఒకసారి కూర్చి వెయ్యి ప్రతులు తీయగలగడమే అచ్చు చేసిన మేలు.

ఈ విద్యలో ముందు నడిచింది చైనావాళ్లు. చెక్క మీద చెక్కి, సిరా పూసి, కాగితం మీద అద్దిన వజ్రసూత్రం అనే బౌద్ధ గ్రంథం మీద క్రీ.శ. 868 నాటి తేదీ ఉంది. 1040 ప్రాంతాల బీ షెంగ్ అనే ఆయన మట్టితో విడివిడి అక్షరాలు చేసి కాల్చాడు. కొరియావాళ్లు 1377లో లోహపు అక్షరాలతో వేసిన పుస్తకం ఇప్పటికీ ఉంది. జర్మనీలో గుటెన్‌బర్గ్ 1455 నాటికి బైబిలు అచ్చు వేశాడు. మన దేశంలో మొదటి అచ్చు యంత్రం 1556లో గోవాలో దిగింది.

మరి తెలుగు? మన భాషలో మొదటి పుస్తకాలు అచ్చయింది మన దేశంలో కాదు. మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకున్న బెంజమిన్ షుల్ట్జ్ అనే మిషనరీ, జర్మనీ తిరిగి వెళ్లాక, హాలే పట్నంలో 1746, 47 ప్రాంతాల వాటిని వేయించాడు. ఆ తర్వాత బెంగాల్లో శ్రీరామపురం మిషను ముద్రణాలయంలో మన దేశపు భాషలు అనేకం అచ్చయ్యాయి. 1812 మార్చి 11న అక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. కాగితం కాలిపోయింది, సీసపు అక్షరాలు కరిగి ముద్దయిపోయాయి. కాని అక్షరాలు పోతపోసే ఉక్కు అచ్చులు బూడిదలో చెక్కు చెదరకుండా దొరికాయి. పండక్కి చేసిన కజ్జికాయలన్నీ పాడైనా, కజ్జికాయల చెక్క ఇంట్లో ఉంటే మళ్లీ చేసుకోవచ్చు గదా, అదే పద్ధతి. మళ్లీ పోతపోశారు. 1814లో విలియం కేరీ రాసిన తెలుగు వ్యాకరణం అక్కడినుంచే వెలువడింది.

తెలుగు అక్షరాన్ని సీసంలో పోయడం సులువు పని కాదు. ఇంగ్లీషుకు చిన్నవి పెద్దవి కలిపితే 52 అక్షరాలు. మనకో? గుణింతాలు, వత్తులు అన్నీ లెక్కపెడితే వందల ముక్కలు కావాలి. పైన తలకట్టు, గుడి, నడుమ అక్షరం, కింద వత్తు. అచ్చు కూర్చే మనిషి ఆ గళ్లన్నీ చేతికి కంఠతా పట్టి, ఒక్కొక్క ముక్కా ఏరి, అద్దంలో కనపడినట్టు తిరగేసి ఉన్న అక్షరాలను చదువుతూ వరస పేర్చేవాడు. పొరపాటున ఒక్క ముక్క మారితే అర్థం తారుమారు. ముద్రారాక్షసాలని మనం నవ్వుకునేవి అవే.

ఇంత కష్టంతోనే బ్రౌన్ దొర 1829లో వేమన పద్యాలు, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చు వేయించాడు. 1854లో వావిళ్లవారు మద్రాసులో ముద్రణాలయం పెట్టారు. వీరేశలింగంగారు 1883లో స్త్రీల కోసం సతీహితబోధిని పత్రిక నడిపారు. మన ఒంగోలు వైపు ఇనమనమెళ్లూరులో పుట్టిన కె.ఎన్. కేసరిగారు 1928లో మద్రాసు నుంచి గృహలక్ష్మి పత్రిక మొదలుపెట్టారు. అచ్చు అక్షరం అట్లా వంటింటి గడప దాటి లోపలికి వచ్చింది.

వచ్చి ఏం చేసిందంటారా? మనకు దక్షిణాన నెల్లూరు జిల్లా దూబగుంట కథే చూడండి. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో చదువు నేర్చుకున్నవాళ్లకు ఇచ్చిన వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. ఊళ్లో ఆడవాళ్లంతా కూడి సారా దుకాణం మూయించడం అందులో సంగతి. అది చదివి, రోశమ్మ మొదలైన దూబగుంట మహిళలు తమ ఊళ్లో సారాకు ఎదురు తిరిగారు. అది జిల్లా అంతా, రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది. కొత్తగా చదువు నేర్చినవాళ్ల వాచకాలలో అక్షరాలు పెద్దవిగా, వాక్యాలు పొట్టిగా వేస్తారు. కూడబలుక్కుని చదివే మనిషి కన్నుకు ఆనాలని అట్లా వేస్తారు. ఆ మాట ఆనితేనే గదా మనసుకు తగిలేది!

ఇక ఆ కూర్పులోని కిటుకులు చెప్పుకుందాం. ఇవి తెలుసుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు.

మొదటిది, ఏది ముఖ్యమో అది పెద్దదిగా ఉండాలి. అన్నీ పెద్దవైతే ఏదీ పెద్దది కాదు. రెండోది, ఖాళీ వదలాలి. కాగితం దండగవుతుందని కుక్కి వేస్తే, పై వరస వత్తు కింది వరస గుడికి తగిలి రెండూ చెడతాయి. తెలుగుకు వరసల మధ్య చోటు ఇంగ్లీషుకంటె ఎక్కువే కావాలి. మూడోది, సంబంధం ఉన్నవి ఒకచోట ఉండాలి. పోపులపెట్టెలో ఆవాలు, జీలకర్ర ఎవరి గిన్నెలో అవి ఉంటేనే గదా చెయ్యి తడుముకోకుండా పోతుంది! నాలుగోది, వరసలన్నీ ఎడమవైపు ఒకే గీత మీద మొదలైతే కన్ను దారి తప్పదు. అయిదోది, రంగు. తెలుపు మీద నలుపు, పసుపు మీద నలుపు దూరానికి కనపడతాయి. ఎరుపు మీద ఆకుపచ్చ శుభలేఖకు శోభ అనుకుంటాం గాని, ముసలివాళ్ల కంటికి అది ఆనదు. ఆఖరుది, అక్షరం తీరు. 1991 నుంచి కంప్యూటర్లకు సంబంధించిన యూనికోడులో తెలుగు చేరింది. ఇవ్వాళ సీసం గళ్ల బదులు రకరకాల వంపుల అక్షరాలు కంప్యూటర్లోనే దొరుకుతున్నాయి. దొరికాయి గదా అని అన్నీ ఒకే కాగితంలో వేయకూడదు. ఒకటి రెండు రకాలు చాలు.

ఇదంతా సోకు కోసం కాదమ్మా. మన కనిగిరి ప్రాంతపు భూగర్భజలంలో ఫ్లోరైడు సంగతి మీకు తెలిసిందే. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటితే, ఆ నీళ్లు ఏళ్ల తరబడి తాగిన పిల్లల పళ్లు గారపడతాయి, పెద్దల ఎముకలు బిగుసుకుపోతాయి. అట్లాంటి బోరింగు దగ్గర ఒక బోర్డు పెట్టాలనుకోండి. ‘ఇందుమూలముగా యావన్మంది ప్రజలకు తెలియజేయడమేమనగా’ అని మొదలుపెట్టి, పది వరసలు ఒకే సైజులో రాస్తే ఎవరు చదువుతారు? బిందె నిండేలోపు ఆ వాక్యమే పూర్తికాదు. దాని బదులు, పైన ఒకే ఒక్క మాట, జానెడు అక్షరాల్లో: ‘ఈ నీళ్లు తాగొద్దు’. దాని కింద సగం సైజులో: ‘వంటకూ వద్దు. బట్టలకు, గిన్నెలకు వాడుకోవచ్చు’. కొంచెం ఖాళీ వదిలి: ‘తాగే నీళ్లు ఫలానా చోట దొరుకుతాయి’. బోరింగుకు ఎర్ర రంగు వేసి, దాని అర్థం ఊళ్లో అందరికీ చెబితే, చదువురాని అవ్వకు కూడా సంగతి తెలుస్తుంది.

మహిళా సంఘం నోటీసు గాని, అంగన్‌వాడీ గోడ మీద రాత గాని, మీ ఇంటి శుభలేఖ గాని, అచ్చుకు ఇచ్చే ముందు ఒక పరీక్ష చేయండి. కాగితాన్ని చెయ్యి చాపినంత దూరంలో పట్టుకుని, ఇంట్లో అందరికంటె చూపు తక్కువవాళ్లకు చూపించండి. మొదట ఏ మాట కనపడిందో అడగండి. మీరు చెప్పదలుచుకున్న మాట అదే అయితే అచ్చుకు పంపించండి. కాకపోతే ఆ కాగితాన్ని మళ్లీ కూర్చమని నిలేసి అడగండి. డబ్బు మనది, చదవాల్సిన కన్నూ మనదే.