హెవీ మెటల్ సంగీతం, ప్రత్యక్ష కచేరీ: ఉద్వేగ విమోచన స్వరూపం

కీలక పదాలు: హెవీ మెటల్, కెథార్సిస్, రౌద్రరసం, సాధారణీకరణం, మాష్ పిట్.

ఉపోద్ఘాతం

హెవీ మెటల్ అభిమానులను ఆ సంగీతం ఏమిస్తుందని అడిగితే తరచుగా వచ్చే సమాధానం, లోపలిదంతా బయటకు పోయి మనసు తేలికపడుతుందని. కొత్తగా వినేవారికి ఇది నమ్మశక్యం కాదు. మృత్యువు, విధ్వంసం వస్తువులుగా, అరుపులే గానంగా సాగే పాటలు మనసును కుదుటపరచడమేమిటన్న సందేహం సహజం. ఆ సందేహం న్యాయస్థానం దాకా కూడా వెళ్ళింది. 1985లో అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో ఇద్దరు యువకుల ఆత్మహత్యాయత్నానికి జూడాస్ ప్రీస్ట్ బృందం పాటే కారణమని కుటుంబాలు దావా వేయగా, 1990లో న్యాయస్థానం ఆ వాదాన్ని అంగీకరించలేదు. తీర్పుతో నింద తొలగింది గాని, శ్రోతలు చెప్పే విమోచనం ఎటువంటిదన్న ప్రశ్న మిగిలింది. ఈ వ్యాసం దానినే పరిశీలిస్తుంది.

నాదం పుట్టిన తావు

1970లో తొలి ఆల్బమ్ వెలువరించిన బ్లాక్ సాబత్ బృందం ఇంగ్లండులోని పారిశ్రామిక నగరమైన బర్మింగ్‌హామ్‌కు చెందినది. గిటార్ వాద్యకారుడు టోనీ అయోమీ పదిహేడేళ్ళ వయసులో లోహపు రేకుల కర్మాగారంలో పనిచేస్తూ కుడిచేతి రెండు వేళ్ళ కొనలు కోల్పోయాడు. ఎడమచేతి వాటం కావడంతో తీగలను నొక్కవలసినవి ఆ వేళ్ళే. ప్లాస్టిక్‌ను కరిగించి తొడుగులు చేసుకొన్నాడు. పలుచని తీగలు వాడాడు. 1971 నాటికి శ్రుతిని బాగా తగ్గించి వాయించాడు. గాయానికి చేసుకొన్న సర్దుబాటు ఒక సంగీత ప్రక్రియకు నాదలక్షణంగా స్థిరపడింది.

ఆ బృందం పేరే శీర్షికగా గల తొలి పాటలో భయం గొలిపే స్వరాంతరం మనకు కొత్తది కాదు. అది షడ్జానికీ ప్రతిమధ్యమానికీ నడుమ ఉన్న దూరమే. కల్యాణి రాగంలో అదే అంతరం ఎవరినీ భయపెట్టదు. కనుక ఉగ్రత స్వరంలో లేదు. దానిని నిలిపే లయలో, ధ్వని పరిమాణంలో, సందర్భంలో ఉంది.

కోపం ఖాళీ అవుతుందా?

విమోచనాన్ని వివరించేటప్పుడు అరిస్టాటిల్ 'కెథార్సిస్'ను ఉదహరించడం పరిపాటి. 'కావ్యశాస్త్రం'లో విషాదాంత నాటకం గురించి చెప్పిన మాటే ప్రసిద్ధం గాని, 'రాజనీతి' ఎనిమిదవ అధికరణంలో ఆవేశపూరిత గీతాలు విని ఆవేశపరులు శాంతించడాన్ని ఆయన ప్రస్తావించాడు. మన చర్చకు ఇదే దగ్గరిది. అయితే కోపం కుండలో నీరు వంటిదని, ఒంపేస్తే తగ్గుతుందనే భావన ప్రయోగాలకు నిలబడలేదు. బ్రాడ్ బుష్‌మన్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో, తమకు కోపం తెప్పించిన వ్యక్తిని తలచుకొంటూ సంచిని గుద్దినవారి కోపం తగ్గలేదు సరికదా, ఊరక కూర్చున్నవారి కోపం కంటే ఎక్కువగా ఉంది.

మరి మెటల్ శ్రోతల అనుభవం భ్రమేనా? క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన లియా షర్మన్, జెనెవీవ్ డింగిల్ 2015లో 39 మంది శ్రోతలకు పాత కోపాలను గుర్తుచేసి, కొందరికి పది నిమిషాలపాటు వారికి నచ్చిన తీవ్రసంగీతం వినిపించారు. మిగిలినవారిని నిశ్శబ్దంలో ఉంచారు. నిశ్శబ్దంలో గుండె వేగం తగ్గింది. సంగీతం విన్నవారిలో తగ్గలేదు, పెరగనూ లేదు. కాని విద్వేషం, చికాకు రెండు వర్గాల్లోనూ తగ్గాయి. సంగీతం విన్నవారిలో ఉత్సాహం పెరిగింది. పాల్గొన్నవారంతా అప్పటికే ఈ సంగీతానికి అలవాటుపడినవారు కనుక ఫలితాన్ని అందరికీ వర్తింపజేయలేము. అయినా ఒక విషయం స్పష్టం: శరీరం ఉద్రిక్తంగా ఉండగానే మనసులోని వైరం సడలింది. అంటే ఇక్కడ జరిగింది ఖాళీ కావడం కాదు, రూపం మారడం.

ఈ మార్పుకు మన అలంకారశాస్త్రంలో మెరుగైన పరిభాష ఉంది. రౌద్రానికి స్థాయిభావం క్రోధం. భట్టనాయకుడు ప్రతిపాదించిన సాధారణీకరణం ప్రకారం, రసానుభవంలో భావం 'నాది', 'నా శత్రువుది' అనే సంబంధాలను విడిచిపెడుతుంది. బుష్‌మన్ ప్రయోగంలో కోపానికి చిరునామా ఉంది. మెటల్ పాటలో అది చెరిగిపోతుంది. రెండూ ఒకటేనని నా వాదన కాదు. సహృదయుడు కూర్చుని చూస్తాడు, మెటల్ శ్రోత ఒళ్ళంతా ఊగుతాడు. ఈ భేదం చిన్నది కాదు.

కచేరీ ప్రాంగణం

వేదిక ముందు శ్రోతలు ఒకరినొకరు ఢీకొంటూ ఎగిరే చోటును మాష్ పిట్ అంటారు. కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో కచేరీ దృశ్యాలను విశ్లేషించి, అక్కడి మనుషుల వేగాలు వాయువులోని అణువుల వేగాల మాదిరిగా ఉన్నాయని చూపారు. అణువులకు లేని నియమం ఒకటి పిట్‌లో ఉంది: పడినవారిని పక్కవారు వెంటనే లేవనెత్తాలి. ఎవరూ రాసిపెట్టని ఈ కట్టుబాటే ఢీకొనడాన్ని కొట్లాట కానీయదు.

2011 అక్టోబరు 28న గుర్‌గావ్‌లో మెటాలికా కచేరీ నిలిచిపోయినప్పుడు కొందరు వేదికపైకి ఎక్కి పరికరాలను ధ్వంసం చేశారు. రెండు రోజుల తరువాత బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో అదే బృందం కచేరీ పూర్తిగా సాగింది. గుర్‌గావ్‌లో విధ్వంసానికి దిగినవారు పాట విన్నవారు కారు, పాట అందనివారు. వారి కోపానికి చిరునామా దొరికింది.

కాని కట్టుబాటు ఒక్కటే సరిపోదు. 1988 ఆగస్టు 20న ఇంగ్లండులోని డోనింగ్టన్‌లో జరిగిన 'మాన్‌స్టర్స్ ఆఫ్ రాక్' ఉత్సవంలో జనం ఒత్తిడికి ఇద్దరు శ్రోతలు కిందపడి మరణించారు. అంత రద్దీలో పక్కవారు వంగి లేవనెత్తడానికి చోటే ఉండదు. మరుసటి ఏడాది ఆ ఉత్సవం జరగలేదు; 1990లో శ్రోతల సంఖ్యకు పరిమితి విధించి తిరిగి నిర్వహించారు.