మొక్కు రాజన్నకు, మరి ఓటు?

సుల్తానాబాద్ రైస్‌మిల్లులు దాటి రాజీవ్ రహదారి మీద కరీంనగర్ దిక్కు పోతుంటే, దారిలోనే లోక్‌సభ నియోజకవర్గం మారిపోతుంది. ఇటు పెద్దపల్లి, అటు కరీంనగర్. రెండు దిక్కులా వేములవాడ రాజన్నకు కోడె కట్టేవాళ్లే, కొండగట్టు అంజన్న మాల వేసుకునేవాళ్లే. 2024 మే 13న మాత్రం ఓటు రెండు దారులు పట్టింది. కరీంనగర్‌లో బీజేపీ అభ్యర్థి బండి సంజయ్ 2,25,209 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. పెద్దపల్లిలో కాంగ్రెస్ అభ్యర్థి గడ్డం వంశీకృష్ణ ఆధిక్యం 1,31,364.

మరి మతం పని చేయలేదా? చేసింది. 2023 నవంబర్ ఎన్నికల్లో అదే సంజయ్ కరీంనగర్ అసెంబ్లీ సీటులో 3,163 ఓట్ల తేడాతో ఓడిపోయారు. దాదాపు ఆర్నెల్లకే లోక్‌సభకు ఘనంగా గెలిచారు. మధ్యలో జనవరి 22న అయోధ్య ప్రాణప్రతిష్ఠ జరిగింది, ఇంటింటికీ అక్షింతలు వచ్చాయి. అయితే ఆ అక్షింతలు సుల్తానాబాద్ గడపలకూ వచ్చాయి. పైగా ఈ తీరు అయోధ్యతో మొదలైంది కాదు. 2018 డిసెంబర్‌లో తెలంగాణ మొత్తంలో బీజేపీకి దక్కింది ఒక్క అసెంబ్లీ సీటు. 2019లో నాలుగు లోక్‌సభ సీట్లు గెలిచింది, అందులో కరీంనగర్ ఒకటి. ఆ ఏడాది మార్చిలో కరీంనగర్ సభలో హిందువుల గురించి అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ అన్న మాటపై ఎన్నికల సంఘం నోటీసు ఇచ్చింది. ప్రచారంలో ఆ మాట బీజేపీకి బాగా అక్కరకొచ్చింది.

అసెంబ్లీకి ఓటేసేటప్పుడు మనిషికి పింఛను, పెట్టుబడి సాయం, ఎమ్మెల్యే గుర్తొస్తారు. పార్లమెంటుకు వచ్చేసరికి మోదీ కావాలా వద్దా అన్నదే ప్రశ్న. ఆ ప్రశ్న పడ్డప్పుడే మతభావన ఓటుగా మారుతోందని నా అంచనా.

పెద్దపల్లిలో దానికి అడ్డం పడినవి వేరే. ఇది ఎస్సీ రిజర్వుడు స్థానం, సింగరేణి గనుల నేల, కాంగ్రెస్ నేత కాకా వెంకటస్వామి పేరు ఇంకా పలికే చోటు. వంశీకృష్ణ ఆయన మనుమడే. తండ్రి వివేక్ 2023 అక్టోబర్ దాకా బీజేపీలోనే ఉన్నారు, ఎన్నికల ముందు కాంగ్రెస్‌లోకి తిరిగొచ్చారు. జెండా మారినా ఇంటిపేరుకు ఓట్లు పడ్డాయి! అట్లని బీజేపీ ఇక్కడ తేలిపోయిందనలేం. 2019లో లక్ష ఓట్లైనా రాని పార్టీ 2024లో బీఆర్ఎస్‌ను మూడో స్థానానికి నెట్టి రెండోదైంది.

హైదరాబాద్ స్టూడియోల్లో కూర్చుని ఉత్తర తెలంగాణ అంతటినీ 'హిందుత్వ గాలి' అని ఒక్క మాటలో తేల్చేయడం బద్ధకం. 2019లో ఆదిలాబాద్‌లో బీజేపీ అభ్యర్థి సోయం బాపూరావు గెలుపు వెనుక ఎస్టీ జాబితాపై ఆదివాసీ, లంబాడా వివాదం ఉంది. అదే ఎన్నికలో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు 170 మందికి పైగా పోటీకి దిగారు. పైగా పీర్ల పండుగకు హిందువులే పీరు ఎత్తుకునే ఊళ్లివి. రాజన్న మొక్కు తీర్చి, గుడి ఆవరణలోని దర్గాకూ దండం పెట్టుకోవడం ఇక్కడ తరాల అలవాటు.

మతం పేరిట ఓటు అడగడం చట్టరీత్యా అవినీతి చర్య. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతాన్ని చూపి అడిగినా అంతేనని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు 4-3 మెజారిటీతో తేల్చింది. కాబట్టి ఇకపై అక్షింతలతో వచ్చినా, ఇఫ్తార్‌కు పిలిచినా, నాయకుణ్ని గడపలోనే నిలబెట్టి అడగండి: ఎస్సారెస్పీ కాలువ చివరి భూములకు నీళ్లెప్పుడు, వడ్లలో తరుగు తీయడం ఆగేదెప్పుడు అని.